మేడం, పాతకాలం పాటలకి రంగులుండవు

ఈ రివ్యూ రెండింటి మీద. ఒకటి, పాత వీడియో క్యాసెట్లని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చే కొట్టు. విజయవాడలోనే, ఓ కాంప్లెక్సు మెట్ల కింద ఉంది. పేరు రాయను. ఆ అబ్బాయి చివరికి పని చేసే ఇచ్చాడు, పైగా నేను పెళ్ళిళ్ల సీజన్‌లో జాకెట్లు కుట్టే మనిషిని, పొరపాటు ఎలా జరుగుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? రెండోది ఆ క్యాసెట్టు. అమెరికా గాయని మడోనా పాటల వీడియోలు 13, ఒకే టేపులో. పేరు ‘ది ఇమాక్యులేట్ కలెక్షన్’, 1990లో వచ్చింది.

1991లో మా చిన్న మావయ్య అమెరికా నుంచి వస్తూ నీకేం తేవాలని ఉత్తరం రాశాడు. నేనప్పటికి ఇంటర్ తప్పి మిషను నేర్చుకుంటున్నాను. కుట్టు పుస్తకాలు తెమ్మన్నాను. ఆయన ఈ క్యాసెట్టు తెచ్చాడు. "పుస్తకాలు బరువు అమ్మాయ్, ఇందులో గౌన్లు బోలెడున్నాయి, చూసి కుట్టుకో" అన్నాడు. క్యాసెట్టుతో పాటు అన్ని దేశాల టేపులూ ఆడే మల్టీ సిస్టం వీసీఆర్ కూడా మోసుకొచ్చాడు, మరి అది బరువు కాదేమో. మా అమ్మ రెండు పాటలు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు పక్కనుంచి చూశాడని నా అనుమానం ఇప్పటికీ.

వీసీఆర్ 1999లో పోయింది. క్యాసెట్టు మాత్రం ట్రంకు పెట్టెలో, పట్టుచీరల కింద, కలరా ఉండల వాసన పీలుస్తూ ఉండిపోయింది. ఈ మధ్య పెట్టె సర్దుతుంటే చేతికి తగిలింది. యూట్యూబ్‌లో ఈ పాటలన్నీ ఉన్నాయని తెలుసు. కానీ నాకు కావలసింది నా టేపు, అదే వరసలో, ఒక పాట అయ్యాక ఏ పాట వస్తుందో నాకు ముందే తెలిసేట్టు.

కొట్లో అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. క్యాసెట్టు మూత ఎత్తి చూసి, "బూజు పట్టలేదు మేడం, అదృష్టం" అన్నాడు. టేపుకి 500, నాలుగు రోజులు. నాలుగో రోజు వెళ్తే కంప్యూటర్‌లో ఫైలు తెరిచి, చివరిదాకా ఎక్కిందో లేదో చూసుకోమని గీతని కుడివైపుకి లాగి వదిలాడు. ‘వోగ్’ పాట వచ్చింది. తెలుపు నలుపుల్లో, గాజులా ఉంది బొమ్మ. కొంచెం వెనక్కి లాగాడు. ‘ఓ ఫాదర్’. ఇంకొంచెం వెనక్కి. ‘చెరిష్’, సముద్రం. ఎక్కడా గీత లేదు, ఒణుకు లేదు. సంతోషంగా డబ్బులిచ్చి వచ్చేశాను.

రాత్రి అన్నాలయ్యాక టీవీకి పెట్టుకుంటే మొదటి పాట తెలుపు నలుపు. రెండోదీ అంతే. నాలుగోది ‘మెటీరియల్ గర్ల్’. ఆ గులాబీరంగు గౌను కోసమే కదా నేను క్యాసెట్టు ఇన్నేళ్లు దాచింది! అది బూడిదరంగులో ఉంది. వెనక ఎర్రటి తెర ఉండాలి, అది నల్లగా ఉంది. నల్లతెర ముందు బూడిద బస్తా కట్టుకున్నట్టుంది పాపం.

సంగతేమిటంటే, ఆ టేపులో నిజంగానే తెలుపు నలుపు పాటలు మూడున్నాయి, అవి చివర్లో వరసగా వస్తాయి: ‘చెరిష్’, ‘ఓ ఫాదర్’, ‘వోగ్’. అతను సరిగ్గా ఆ మూడే చూపించాడు. మోసం చెయ్యాలని కాదు, చెయ్యి అక్కడ పడింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. "టేపు పాతది కదా మేడం, రంగు దిగిపోయి ఉంటుంది" అన్నాడు.

"చీరకి దిగుతుంది బాబూ, టేపుకి అలా పూర్తిగా దిగదు."

అప్పుడు ఫైలు తెరిచి ‘మెటీరియల్ గర్ల్’ దగ్గర ఆపి, వేలితో చూపించాడు. ఆ జుట్టు, మోచేతులు దాటిన గ్లౌజులు, భుజాలు లేని గౌను, వెనక మెట్లు, షాండ్లియర్లు, కోటు వేసుకున్న మగాళ్ళ వరస. "చూడండి మేడం. ఇది పాతకాలం సినిమా. అప్పట్లో రంగులుండవు."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ పాట తీసినవాళ్ళు కోరుకున్నది సరిగ్గా ఇదే. 1985లో తీసిన పాట చూసి ఎవడో ఒకడు ఇది 1953 అనుకోవాలని. నలభై ఏళ్ళ తర్వాత విజయవాడలో ఒకబ్బాయి అనుకున్నాడు. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? ఇంకో తమాషా కూడా ఉంది. ఈ పాట అనుకరించిన ఆ 1953 సినిమా, ‘జెంటిల్మెన్ ప్రిఫర్ బ్లాండ్స్’, నలుపూ తెలుపూ కాదు. టెక్నికలర్. అందులో హీరోయిన్ మార్లిన్ మన్రో కట్టిన అసలు గౌను కూడా గులాబీరంగే, వెనక అసలు తెర కూడా ఎరుపే.

"రంగులున్నాయి నాయనా, ఇది అమెరికా టేపు, నీ మిషను మన టేపుల మిషను" అని చెప్పి కూర్చున్నాను. మావయ్య అప్పట్లో చెప్పిన పాఠం గుర్తుంది. వాళ్ళ టీవీలది ఎన్‌టీఎస్‌సీ అనే పద్ధతి, బొమ్మకి 525 గీతలు, సెకనుకి దాదాపు 30 బొమ్మలు. మనది పాల్, 625 గీతలు, సెకనుకి 25. రంగుని టేపు మీద నమోదు చేసే తీరు రెండింటికీ వేరు. మన పద్ధతికి కుదిర్చిన సామానుకి అది అందకపోతే బొమ్మ వస్తుంది, రంగు రాదు. ఈ పని మీదే బతికే కొట్టుకి ఈ ముక్క తెలియకపోవడం తప్పే. అమెరికా నుంచి వచ్చిన పెళ్ళి క్యాసెట్లు మన ఊళ్ళలో తక్కువా? వాటిలో ఎన్ని తలంబ్రాలు బూడిదయ్యాయో!

అతను ఎక్కడినుంచో మల్టీ సిస్టం డెక్కు అద్దెకి తెచ్చి మళ్ళీ ఎక్కించడానికి వారం పట్టింది. ఇంకో 200 అడిగాడు, ఇచ్చాను. ఆ వారం రోజులూ నా దగ్గర ఉన్నది బూడిద టేపే. రోజూ రాత్రి అదే చూశాను. నిజం చెప్పాలంటే ఈ రివ్యూ రాయాలనిపించింది ఆ తప్పుడు టేపు వల్లే.

ఎందుకో చెప్తాను. మా వృత్తిలో రోజుకి పదిసార్లు వినే మాట ‘సేమ్ టు సేమ్’. ఫోను తీసి, ఫలానా పాటలో ఫలానా హీరోయిన్ జాకెట్టు చూపిస్తారు. సేమ్ టు సేమ్ కావాలి ఆంటీ. నేను తల ఊపుతాను. కుట్టేటప్పుడు మాత్రం సేమ్ టు సేమ్ కుట్టను. ఆ హీరోయిన్ భుజం వేరు, ఈ పిల్ల భుజం వేరు. మెడ అర అంగుళం పైకి తెస్తాను, చంక దగ్గర వదులిస్తాను. ట్రయల్‌కి వచ్చి అద్దంలో చూసుకుని "అబ్బ, అచ్చం అలాగే కుదిరింది" అంటారు. అచ్చం అలా కుట్టలేదు కాబట్టే కుదిరింది. ఇది వాళ్ళకి చెప్పకూడదు, చెప్తే బేరం పోతుంది.

మడోనా చేసిన పనీ ఇదే. ఈ టేపులో సగం పాటలు ఎవరో ఒకరి దగ్గర కొలతలు తీసుకున్నవే. కానీ ఆల్టరేషన్ ఎక్కడ చేసిందో చూడాలి.

‘మెటీరియల్ గర్ల్’ తీసింది మేరీ లాంబర్ట్ అనే ఆవిడ. ఈ టేపులో ఆవిడ తీసినవి ఇంకా ఉన్నాయి. ఈ మధ్య నేను టీవీలో బూడిద టేపు, ఫోనులో 1953 పాట పక్కపక్కన పెట్టి చూశాను. మన్రో గౌను కుట్టించింది విలియం ట్రావిల్లా అనే డిజైనరు. ఆ శాటిన్ ఒంటికి అంటుకోదు, అట్టలా నిలబడుతుంది. లోపల గట్టి అస్తరు లేనిదే ఏ శాటినూ అలా నిలబడదు, ముప్పై ఏళ్ళ కత్తెర మీద ఒట్టేసి చెప్తాను. వెనక పెద్ద బో. ఆ బో గురించే గంట మాట్లాడగలను: బక్రం (లోపల పెట్టే గట్టి గుడ్డ) లేకుండా అంత బో తలెత్తుకుని ఉండదు, కుర్చీలో కూర్చుంటే చచ్చిపోతుంది. అందుకే మన్రో ఆ పాటలో నిలబడే తిరుగుతుంది, ఎక్కువ కూర్చోదు. మడోనా గౌను నా కంటికి మెత్తగా ఉంది, నడుం దగ్గర ముడతలు పడుతోంది. కుట్టులో మన్రోదే పై చెయ్యి.

కానీ మడోనా ఒక పని చేసింది. మన్రో పాటలో మనిషీ పాటా ఒకటే మాట అంటాయి, వజ్రాలే కావాలని. మడోనా ఆ డాన్సుని అంతా తెచ్చి, దాని చుట్టూ ఇంకో చిన్న కథ కుట్టింది. ఆ కథలో ఆమె సినిమా తార. మేకప్ గదిలో ఫోనులో మాట్లాడుతూ, ఎవడో ఇచ్చిన నగ తనకక్కర్లేదంటుంది. కీత్ కారడీన్ వేసిన డబ్బున్న పెద్దమనిషి అది విని, ఒక పేదవాడి దగ్గర పాత ట్రక్కు తీసుకుని, చవకరకం పూలు పట్టుకొస్తాడు. చివర్లో వానలో ఆ ట్రక్కులో ముద్దు. అంటే పాటలో వజ్రాలు, కథలో పూలు. పైకి మన్రో, లోపల అస్తరు వేరు. చూసినవాళ్ళకి ఆ అస్తరు కనిపించలేదు, అందరూ ఆవిణ్ణి ‘మెటీరియల్ గర్ల్’ అనే పిలిచారు. మనకీ అంతేగా, అస్తరుకి పెట్టిన డబ్బు ఏ పెళ్ళికూతురూ చూడదు. అది లేకపోతే మాత్రం చూస్తుంది.

కనుబొమలు చూడండి ఒకసారి. మన్రోవి తీర్చిదిద్దిన కనుబొమలు. మడోనావి దట్టంగా, నల్లగా, జుట్టుకి సంబంధం లేకుండా ఉంటాయి. జుట్టు అరువు తెచ్చుకున్నానని ముఖం మీదే రాసుకున్నట్టు. బూడిద టేపులో రంగులు పోయాక నాకు మొదట కనిపించింది ఆ కనుబొమలే.

ఇక ‘ఎక్స్‌ప్రెస్ యువర్‌సెల్ఫ్’. 1989, తీసింది డేవిడ్ ఫించర్. తర్వాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడయ్యాడు, అప్పటికి ఇంకా సినిమా తియ్యలేదు. ఈ పాటకి 50 లక్షల డాలర్లయిందని, అప్పటికి అంత ఖరీదైన పాట వీడియో లేదని చెప్పుకున్నారు. ఇది ఫ్రిట్జ్ లాంగ్ 1927లో జర్మనీలో తీసిన మూకీ సినిమా ‘మెట్రోపోలిస్’ నుంచి కొలత తీసుకున్నది. పైన ఆకాశాన్నంటే మేడలు, అక్కడ యజమానులు. కింద పొగలో, నీళ్ళలో యంత్రాలు తిప్పే కూలీలు. అసలు సినిమాలో నీతివాక్యం ఒకటుంది, తలకీ చేతులకీ మధ్య హృదయం ఉండాలని. ఆ అర్థమే వచ్చే వాక్యం మడోనా పాట చివర్లో తెర మీద పడుతుంది.

బూడిద టేపులో ఈ పాట చూస్తే అసలు ‘మెట్రోపోలిస్’కి ఇంకా దగ్గరికి వచ్చేసింది. రంగు తీసేసరికి నకలు అసలులా అయింది. సేమ్ టు సేమ్! నేను మొదట అబ్బా అనుకున్నాను. రెండోసారి చూస్తే చప్పగా ఉంది. మూడోసారికి ఎందుకు చప్పగా ఉందో తెలిసింది. రంగు టేపులో కింద కూలీల లోకం ఉక్కు నీలంలో ఉంటుంది. పైన ఆమె గదిలో బంగారు వెలుగు. ఆ రెండు రంగులే ఆ కథలో పైవాళ్ళూ కిందవాళ్ళూ. అసలు సినిమాలో ఆ తేడా చెప్పడానికి మూకీ దర్శకుడు మనుషుల్ని వందలకొద్దీ నిలబెట్టి, వాళ్ళ నడకనే ఒక యంత్రంలా చేశాడు. ఫించర్ దగ్గర అన్ని వందలమంది లేరు, రంగు ఉంది. రంగు తీసేస్తే ఈ పాటకి అటు అసలు బలమూ లేదు, ఇటు తన బలమూ లేదు. అరువు తెచ్చుకున్న చీర అంచు విప్పేస్తే ఎలా ఉంటుందో అలా.

దీంట్లో మడోనా చేసిన ఆల్టరేషన్ ఇంకొకటి. యజమాని ఒంటికన్ను అద్దం పెట్టుకుంటాడు. పాట మధ్యలో ఆమే మగాడి సూటు వేసుకుని, ఆ ఒంటికన్ను అద్దం తనే పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఆజ్ఞలిచ్చినట్టు ఆడుతుంది. ‘మెట్రోపోలిస్’లో ఆడమనిషి రూపంలో మరమనిషిని ఒక పిచ్చి శాస్త్రవేత్త తయారు చేస్తాడు. ఇక్కడ తనని ఎవరూ తయారు చెయ్యరు, తనే కోటు తొడుక్కుంటుంది. ఆ కోటు భుజాలు చూశారా, ఎంత ప్యాడింగు!

‘ఓపెన్ యువర్ హార్ట్’ (1986, తీసింది మొండినో అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు) ఈ లెక్కలో కొంచెం గందరగోళం. నల్ల బస్టియరు (బిగుతు జాకెట్టు), కుర్చీ డాన్సు, ‘క్యాబరే’ సినిమా, దానికి ముందు మార్లీన్ డీట్రిచ్ ‘బ్లూ ఏంజెల్’, బయట గోడ మీద తమారా ద లెంపిక్కా బొమ్మలు, చివర్లో చిన్నపిల్లాడితో చాప్లిన్ లాగా నడక. అన్నీ తెచ్చింది, ఏదీ పూర్తిగా కుదరలేదు. ఒకే జాకెట్టు మీద మగ్గం వర్కు, అద్దాలు, లేసు, లట్కన్లు అన్నీ వెయ్యమనే కస్టమర్లుంటారు, వేస్తాం, ఏం చేస్తాం. ఆ చివరి నడక మాత్రం బాగుంటుంది.

‘ఓ ఫాదర్’ వచ్చినప్పుడు నేను ఇప్పటికీ ఒక చోట కళ్ళు మూసుకుంటాను. మంచులో ఆడుకునే చిన్నపిల్ల, లోపల చనిపోయే తల్లి. ఆ మంచు ఆర్సన్ వెల్స్ సినిమా ‘సిటిజన్ కేన్’ (1941) మొదట్లో వచ్చే మంచు, అక్కడ పిల్లాడు బయట ఆడుకుంటుంటే లోపల పెద్దవాళ్ళు అతని జాతకం మార్చేస్తారు. మడోనాకి ఐదేళ్ళప్పుడు, 1963లో, తల్లి పోయింది. పాటలో పిల్ల శవం దగ్గరికి వెళ్ళి చూస్తుంది. పెదవులు దారంతో కుట్టేసి ఉంటాయి. నేను రోజూ పట్టుకునే సూదీ దారం అక్కడ చూడటం నా వల్ల కాదు. మంచు అరువుదే, ఆ కుట్లు మాత్రం ఆవిడ సొంతం. నాకు ఈ టేపు మొత్తంలో అప్పు ఎక్కడ ఆగి సొంతం ఎక్కడ మొదలైందో అంత స్పష్టంగా కనిపించేది ఇదొక్కటే. పాటగా వినడానికి నాకంత నచ్చదు, అది వేరే సంగతి.

ఇక ‘వోగ్’, 1990. ఫించరే. ఆ రోజుల్లో అందరూ రంగుల మీద రంగులు వేస్తుంటే వీళ్ళు కావాలని తెలుపు నలుపు పట్టారు. పాత హాలీవుడ్ స్టిల్ ఫొటోలు కదిలితే ఎలా ఉంటాయో అలా. పాటలో పాత తారల పేర్లు 16 వరసగా చదువుతుంది, గ్రెటా గార్బో నుంచి బెటీ డేవిస్ దాకా. ఈ పాటలో ఒక చోట మడోనా వీపు మనవైపు పెట్టి, నడుం బిగించే కార్సెట్టు తాళ్ళు వదులుగా జారి ఉండగా కనిపిస్తుంది. అది హోర్స్ట్ అనే ఫొటోగ్రాఫరు 1939లో పారిస్‌లో, యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో తీసిన ఫొటో. ‘మెయిన్‌బోషె కార్సెట్’ అంటారు. ఆ ఫొటోలో ఎవరి ముఖమూ సరిగా కనపడదు. వీపు, నడుం, విప్పిన తాళ్ళు. ఇవాళ మా కొట్టుకొచ్చే ప్రతి పెళ్ళికూతురూ అడిగే వెనక డోరీ జాకెట్టు చూసినప్పుడల్లా నాకు ఆ ఫొటోనే గుర్తొస్తుంది. డోరీకి అందం ముడి వల్ల రాదు, జారినట్టు కనపడే ఆ కాస్త వదులు వల్ల వస్తుంది. పిల్లలకి చెప్తే వినరు, గట్టిగా లాగించుకుంటారు.

‘వోగ్’లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఆ చేతుల డాన్సు మడోనా కనిపెట్టింది కాదు. న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి, లాటినో గే కుర్రాళ్ళు బాల్స్ అనే తమ డాన్సు వేడుకల్లో పోటీలు పడి ఆడేది. వాళ్ళు వోగ్ పత్రికలో మోడళ్ళ భంగిమల్ని తెచ్చి డాన్సు చేశారు. అంటే వాళ్ళదీ అప్పే, గొప్ప అప్పు. వాళ్ళలో హోసే గుటియరెజ్, లూయిస్ కమాచో అనే ఇద్దరు ఈ పాటకి డాన్సు కూర్చారు, వీడియోలో ఆడారు కూడా. పాటలో చదివిన 16 పేర్లలో ఒక బేస్‌బాల్ ఆటగాడు తప్ప మిగతా అందరూ సినిమావాళ్ళే, అందరూ తెల్లవాళ్ళే. ఆ డాన్సు పుట్టించినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఇది రాసేటప్పుడు నా బోర్డు గుర్తొచ్చింది. మగ్గం మీద వంగి కూర్చుని పూలు కుట్టే ముగ్గురి పేర్లు నా బోర్డు మీద కూడా లేవు. సరే.

మిగతావి తొందరగా: ‘చెరిష్’ హెర్బ్ రిట్స్ తీశాడు, ఆయన ఫొటోగ్రాఫరు, ఆయన తీసే ఫొటోల లాగే ఉంటుంది, సముద్రం, మత్స్యపురుషులు, హాయి. ‘లా ఇస్లా బొనిటా’లో ఎర్ర గౌను కుచ్చులు లెక్కపెట్టబోయి ఎప్పుడూ తప్పుతాను. చివరిది అదే ‘వోగ్’ మళ్ళీ, 1990 ఎంటీవీ అవార్డుల వేదిక మీద, పద్దెనిమిదో శతాబ్దం ఫ్రెంచి దర్బారు గౌన్లు, విసనకర్రలు. తెలుపు నలుపులో హాలీవుడ్ నుంచి తెచ్చిన పాటని ఆరు నెలల్లో విప్పి రాణీగారి కొలతలకి కుట్టేసింది. ఇది నాకు టేపులో అన్నిటికంటే ఇష్టం. బూడిద టేపులో ఇది పూర్తిగా నాశనమైంది, ఎందుకంటే ఆ పట్టుబట్టల మెరుపే అసలు విషయం.

మా కటింగ్ మాస్టరు గారు ఈ టేపు గురించి విని ఒక మాటన్నారు. "అయితే మన చిరంజీవి చేసిందీ అదేగా మేడం." ‘దొంగ’ సినిమాలో గోలీమార్ పాట. నిజమే. అదీ 1985దే. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వచ్చిన రెండేళ్ళలో మనవాళ్ళు దెయ్యాలతో సహా దించేశారు. తర్వాత ఇంటర్నెట్ వచ్చాక ప్రపంచమంతా దాన్ని చూసి పడీపడీ నవ్వింది, ‘ఇండియన్ థ్రిల్లర్’ అని. నాకు ఒళ్ళు మండుతుంది. ‘థ్రిల్లర్’ ఏమైనా ఆకాశం నుంచి ఊడిపడిందా? జాన్ లాండిస్ తోడేలు మనిషి సినిమా తీసి ఉన్నాడు, అందుకే జాక్సన్ ఆయన్ని పిలిచాడు. అందులో మొదటి సీను 1950ల నాటి కాలేజీ పిల్లల దెయ్యం సినిమాల పోకడ. గొంతు విన్సెంట్ ప్రైస్‌ది, పాత హారర్ సినిమాల నటుడు. జాక్సన్ తర్వాత ‘స్మూత్ క్రిమినల్’లో వేసుకున్న తెల్ల సూటు, తెల్ల టోపీ ఫ్రెడ్ ఆస్టేర్ సినిమా ‘ద బ్యాండ్ వాగన్’వి, అది కూడా 1953దే చూడండి. అమెరికావాడు అరువు తెచ్చుకుంటే నివాళి, మనం తెచ్చుకుంటే కాపీ. కాకపోతే మాస్టరు గారి ముందు ఒప్పుకోలేదు గానీ, గోలీమార్‌లో ఆల్టరేషన్ తక్కువే. చిరంజీవి కాళ్ళు ఆ లోటు చాలావరకు పూడ్చాయి. కోటు ఎవరిదైనా, ఆ ఊపు మాత్రం ఆయనదే.

ఇప్పుడు అసలు రివ్యూ. రెండో ఫైలు రంగుల్లో వచ్చింది. గులాబీ గులాబీగా, ఎరుపు కొంచెం పక్కకి చిందినట్టుంది (ఈ వీహెచ్ఎస్ రకం క్యాసెట్లలో ఎరుపు అలాగే చిందుతుంది, అప్పట్లో కూడా అంతే). బొమ్మ అడుగున సన్నటి వణుకు పట్టీ ఒకటి ఉంది. దాన్ని కత్తిరించి ఇస్తానన్నాడు, వద్దన్నాను. అంచు కత్తిరిస్తే బొమ్మ కూడా పోతుంది, అతుకు చోట బట్ట వదలాలి. ధ్వని రెండు స్పీకర్లలోనూ బాగుంది. ఫైలు ఒక్కటే పెద్దదిగా ఇచ్చాడు, పాట పాటకీ వేరు చెయ్యలేదు, అది నేనడిగిందే. రసీదు ఇవ్వలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పి ఇవ్వలేదు, మధ్యలో ఆపేసి పెట్టెలో పెట్టాడు. పాతకాలం వీడియో లైబ్రరీల్లో దానికి జరిమానా ఉండేది.

మీరు వెళ్ళేట్టయితే: టేపు ఏ దేశానిదో ముందే చెప్పండి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఫైలు చూపించినప్పుడు మొదలు, మధ్య, చివర మూడుచోట్లా చూడండి, రంగు బట్ట ఉంటుందని ఖాయంగా తెలిసిన చోట ఆపమనండి. పెళ్ళి టేపయితే పసుపు దగ్గర ఆపమనండి. కొట్టుకి ఐదుకి మూడు. ఆ మల్టీ సిస్టం డెక్కు సొంతంగా కొనుక్కుంటే నాలుగు. క్యాసెట్టుకి నాలుగున్నర, ‘ఓపెన్ యువర్ హార్ట్’కి అర మార్కు కోత. ఇందులో ‘జస్టిఫై మై లవ్’ లేదని కొందరు వెతుక్కుంటారు, ఆ పాట ఆడియో ఆల్బంలోనే ఉంది. వీడియోని ఎంటీవీ వెయ్యనంటే విడిగా క్యాసెట్టుగా అమ్ముకున్నారు. మా అమ్మ అదృష్టవంతురాలు.

మొన్న మా కొట్లో టీవీకి ఈ పెన్‌డ్రైవ్ పెట్టి పని చేసుకుంటుంటే, సంగీత్‌కి గౌను కుట్టించుకోడానికి వచ్చిన పిల్ల ‘మెటీరియల్ గర్ల్’ దగ్గర ఆగిపోయింది. మన్రో ఎవరో తెలుసు. మడోనాని చూసి ‘ఈవిడెవరు ఆంటీ’ అంది. సేమ్ టు సేమ్ ఆ గులాబీ గౌనే కావాలంది. వస్త్రలతకి వెళ్ళి డచెస్ శాటిన్ ఐదు మీటర్లు తెచ్చాను, దళసరి అస్తరు తెచ్చాను, వెనక బో కోసం బక్రం కూడా కోసి పెట్టుకున్నాను. ట్రయల్‌కి వచ్చి సోఫాలో కూర్చుని చూసుకుంది.

"ఆంటీ, ఈ బో తీసేయండి, స్టేజి మీద ఆనుకోవాలి కదా. దాని బదులు పక్కన జేబు పెట్టండి, ఫోను పట్టేంత."

ఏ ఫోనో అడిగి, కొలత తీసుకున్నాను.